ముక్కు కనపడని లబ్ధిదారుడు

జిల్లా సహాయ ఉపకరణాల కార్యాలయానికి కొత్త కెమెరా శుక్రవారం నాడు వచ్చింది కాబట్టి కొబ్బరికాయ కొట్టక తప్పలేదు. కొట్టినవాడు అటెండరు గంగరాజు. నీళ్ళు కెమెరా మీద పడకుండా పక్కకి తిరిగి కొట్టాడు, అంతవరకూ బాగానే ఉంది. తరవాత బొట్టు పెట్టాలి కదా. జీపుకైతే ముందు అద్దానికి పెడతాం, బీరువాకైతే తలుపుకి పెడతాం, మరి కెమెరాకి మొహం ఏది? నల్లగా, గుండ్రంగా ముందుకి పొడుచుకొచ్చిన లెన్సే దాని మొహమని గంగరాజు తేల్చుకున్నాడు. సరిగ్గా ఆ గాజు నడిమధ్యన బొటనవేలితో కుంకుమ అద్దాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

చప్పట్లు కొట్టనివాడు జూనియర్ అసిస్టెంటు సత్యానందం ఒక్కడే. ఆ కెమెరాతో వేగవలసినవాడు అతనే మరి. "మేడం, గాజు మీద బొట్టుంటే ఫోటో ఎలా వస్తుందండీ?" అని సూపరింటెండెంటు సుభాషిణి మేడం చెవిన వేశాడు. ఆవిడ అతన్ని ఎగాదిగా చూసి, "శుక్రవారం పూట బొట్టు తుడుస్తానంటావేమయ్యా? రేపు తుడువు" అంది. ఆ రేపు రెండో శనివారం, ఆ మర్నాడు ఆదివారం. సోమవారం దాకా కెమెరా ముత్తయిదువలాగే ఉంది.

అసలీ కెమెరా ఎందుకొచ్చిందో చెప్పాలి. ఎక్కడో ఇంకో జిల్లాలో ఒకే మనిషి పదకొండు రకాల తువ్వాళ్ళు కప్పుకుని పదకొండుమంది లబ్ధిదారుల పేరిట సెల్‌ఫోను ఫోటోలు దిగాడట. ప్రధాన కార్యాలయం ఉలిక్కిపడి, బాగా ఆలోచించి, ఒక సర్క్యులర్ వదిలింది. "ఇకమీదట పంపిణీ ఫోటోలు ఆటోఫోకస్ సౌకర్యముగల డిజిటల్ ఎస్సెల్లార్ కెమెరాతో మాత్రమే తీయవలెను. ఫోటోయందు పంపిణీ చేయు అధికారి మిక్కిలి స్పష్టముగా నుండవలెను. ఫోటో ఆమోదము పొందువరకు ఉపకరణమును లబ్ధిదారునకు అప్పగించరాదు." మోసం చేసింది లబ్ధిదారుడైతే స్పష్టంగా ఉండాల్సింది అధికారి ఎందుకయ్యా అని ఎవరూ అడగలేదు. అడిగే అలవాటున్నవాళ్ళకి ఆ శాఖలో ప్రమోషన్లు రావు.

ఈ సర్క్యులర్ వచ్చి పడేనాటికి ఆ ఆఫీసు ఆవరణలో, నీలం టార్పాలిన్ కింద ఒక బ్యాటరీ బండి ఉంది. మూడు చక్రాలది, చేత్తో నడుపుకునేది. అది మట్టపర్తి దేవుళ్ళుకి మంజూరైంది. దేవుళ్ళుకి చిన్నప్పుడే పోలియో వచ్చి రెండు కాళ్ళూ చచ్చుబడిపోయాయి. చంకకర్రల మీద ఊళ్ళు తిరుగుతూ మంగలి కత్తులకీ, దర్జీల కత్తెరలకీ సాన పడతాడు. సానరాయి, దాని చట్రం అతని పెళ్ళాం వీరవేణి నెత్తిన పెట్టుకుని వెనకాల నడిచేది. ఇప్పుడామెకి ఆరో నెల. బరువెత్తితే బిడ్డ దక్కదని ఆసుపత్రిలో ఖండితంగా చెప్పారు. బండి వస్తే రాయి బండిలో పెట్టుకుని అతనే పోతాడు, రాకపోతే ఆమె ఎత్తుకోవాలి. ఉన్న సంగతి అదీ.

"ఒక్క ఫోటోనేగా దేవుళ్ళూ, వారంలో నీ బండి నీకిచ్చేస్తాం" అన్నాడు సత్యానందం. పాపం, నమ్మే అన్నాడు.

కెమెరాతో పాటు నూట ఎనభై పేజీల పుస్తకం ఒకటి వచ్చింది. అది ప్రభుత్వ ఆస్తి కనుక బీరువాలో పెట్టి తాళం వేశారు. చదవాలంటే అర్జీ పెట్టుకోవాలి. సత్యానందం అర్జీ పెట్టుకుని, పుస్తకం, కెమెరా ఇంటికి తీసుకుపోయి, బొట్టు తుడిచాక వచ్చిన ఆదివారమంతా వాటితోనే కూర్చున్నాడు. మీట సగం నొక్కితే లెన్సు లోపల చిన్న మోటారు గుర్రుమంటూ అటూ ఇటూ తిరిగి, దేన్నో ఒకదాన్ని పట్టుకుని "పిప్" అంటుంది. పట్టుకున్నచోట ఎర్రటి చదరం వెలుగుతుంది. మిగతా సగం నొక్కితే ఫోటో. సున్నం వేసిన గోడ చూపిస్తే ఎంతసేపు తిరిగినా ఏమీ దొరక్క ఊరుకుంది. ఆవకాయ జాడీ చూపిస్తే వెంటనే పట్టుకుంది. గళ్ళ దుప్పటి చూపిస్తే ఎగిరి పట్టుకుంది. సాయంత్రానికి అతనికి రెండు సంగతులు బోధపడ్డాయి. దీనికి గీతలూ గళ్ళూ కావాలి, తెల్లగా నున్నగా ఉన్నది దీని కంటికి ఆనదు. రెండోది, అన్నింటికన్నా దగ్గరగా ఏదుంటే దాన్నే పట్టుకుంటుంది. ఎవరేమిటో దీనికి బొత్తిగా తెలీదు. ఈ చివరి సంగతి ఎంత ప్రమాదమో సత్యానందానికి అప్పుడు తట్టలేదు.

మంగళవారం పంపిణీ కార్యక్రమం. అసిస్టెంట్ డైరెక్టర్, అంటే ఆఫీసంతా ఏడీ గారనే విశ్వపతి గారు, గంజి పెట్టిన తెల్లచొక్కా తొడుక్కుని వచ్చారు. బండి తాళంచెవి దేవుళ్ళు చేతిలో పెడుతున్నట్టు పట్టుకుని, మొహం కెమెరావైపు తిప్పి చిరునవ్వు నవ్వారు. దేవుళ్ళు ఎవరో, ఎలా ఉంటాడో చూడవలసిన అవసరం ఆయనకి కలగలేదు. పక్కన దండల పళ్ళెం పట్టుకుని, భుజాన ఎర్రగళ్ళ తువ్వాలుతో గంగరాజు నిలబడ్డాడు. కెమెరా పిప్ అంది.

కంప్యూటరులో వేసి చూస్తే ఏముంది! గంగరాజు దేదీప్యమానంగా ఉన్నాడు. మీసంలో తెల్లవెంట్రుకలు లెక్కపెట్టుకోవచ్చు. ఏడీ గారు మాత్రం పెరుగులో ముంచి తీసినట్టున్నారు.

ఏడీ గారు ఆ ఫోటో వంక చాలాసేపు చూశారు. "సత్యానందం, ఈ ఎంపిక ఏ నిబంధన ప్రకారం జరిగింది?"

"కెమెరా దానంతటదే ఎంచుకుంటుందండి. ఆటోఫోకస్ అండి."

"దానంతటదే! అంటే స్వతంత్ర నిర్ణయాధికారం అన్నమాట. ఈ కార్యాలయంలో నిర్ణయాధికారం ఎవరికుంది?"

"తమకండి."

"మరి నేను దానికి దఖలు పరిచానా? ఏ తేదీన? ఏ ఫైలులో?"

సాయంత్రానికి సత్యానందం బల్ల మీద మెమో వచ్చి పడింది. "పై అధికారిని విస్మరించి, చివరిశ్రేణి ఉద్యోగిని గుర్తించిన కెమెరా ప్రవర్తనకు, దానిని చేతపట్టుకున్నవారిని ఎందుకు బాధ్యులుగా పరిగణించరాదో మూడు దినములలో సంజాయిషీ ఇవ్వవలెను." అతను తెల్లచొక్కా సంగతీ, గళ్ళ తువ్వాలు సంగతీ వివరంగా రాసి ఇచ్చాడు. నిజం రాయడం అతను చేసిన పెద్ద తప్పు.

ఆ సంజాయిషీ ఆధారంగా ఉత్తర్వు వెలువడింది. "కార్యాలయ ఆవరణయందు గళ్ళ వస్త్రములు ధరించు అర్హత ఏడీ హోదాకు మాత్రమే కలదు." గంగరాజు తువ్వాలు స్వాధీనం చేసుకుని సీలు వేశారు. సుభాషిణి మేడం ఆ రోజు గళ్ళ చీర కట్టుకొచ్చిందేమో, ఆటో ఎక్కి ఇంటికి పోయి మార్చుకొచ్చింది. ఏడీ గారు నలుపూ తెలుపూ గళ్ళ చొక్కా ఒకటి కుట్టించుకున్నారు. ఒక్కో గడీ అరచేయంత ఉంది. రెండోసారి ఫోటోకి దేవుళ్ళు గళ్ళ లుంగీతో వస్తే గేటు దగ్గరే ఆపేశారు.

"ఉన్నయ్యే రెండు లుంగీలండి బాబూ, రెండూ గళ్ళవేనండి," అన్నాడు దేవుళ్ళు. "కాళ్ళు లేనోడికి లుంగీ కూడా లేకుండా చేత్తారేటండీ?"

సత్యానందం తన పంచె తెప్పించి ఇచ్చాడు. ఈలోగా రెండు వారాలు గడిచాయి. బండి చూడ్డానికొచ్చిన మెకానిక్కు, "ఛార్జింగు పెట్టకుండా ఇలా వదిలేత్తే బ్యాటరీ చచ్చిపోద్దండి" అని చెప్పిపోయాడు. ఆమోదం రాని బండికి ఛార్జింగు పెట్టే నిబంధన లేదన్నారు.

రెండో ఫోటోలో కెమెరా ఏడీ గారి బల్ల మీది పేరుపలకని పట్టుకుంది, అది అందరికన్నా ముందుంది కనక. విశ్వపతి అనే అక్షరాలు తళతళలాడాయి, ఆ పేరుగల మనిషి మాత్రం వెనకాల మసగ్గా ఉన్నాడు. ఏడీ గారు కొంత మెత్తబడ్డారు. "ఇదీ ఒకరకంగా నేనే కదా, పంపితే ఎలా ఉంటుంది?" అన్నారు. సుభాషిణి మేడం సర్క్యులర్ తీసి, "అధికారి అన్నారండి, పలక అనలేదండి" అంది. దానితో ముగ్గురు సభ్యుల ఫోకస్ క్రమబద్ధీకరణ కమిటీ ఏర్పడింది. అధ్యక్షులు ఏడీ గారు, సభ్యకార్యదర్శి మేడం. కెమెరా పట్టుకునేవాడు కాబట్టి సత్యానందం ఆహ్వానితుడు. కమిటీ మూడుసార్లు సమావేశమై, ఇరవైరెండు సమోసాలు తిని ఒక నిర్ణయానికొచ్చింది.

"కెమెరా సమీపమున ఉన్నవారిని గుర్తించునని తేలినది. కావున సమీపమున ఉండు హక్కు సీనియారిటీని అనుసరించి ఉండవలెను" అని ఏడీ గారు చెబుతుంటే మేడం రాసుకుంది. ఏడీ గారు మూడడుగుల దూరంలో. మేడం అయిదడుగుల్లో. సీనియర్ అసిస్టెంట్లు ఏడు, తొమ్మిది అడుగుల్లో. గంగరాజు పన్నెండు. లబ్ధిదారుడు ఏ క్యాడరుకీ చెందడు కాబట్టి అందరికన్నా వెనక, పద్నాలుగు అడుగుల్లో. మర్నాడే ఆఫీసు వరండాలో పచ్చరంగు గీతలు వేయించారు.

"ఏడీ గారు మూడడుగుల్లో ఉంటే, తాళంచెవి పద్నాలుగు అడుగుల అవతల ఉన్న దేవుళ్ళుకి ఎలా అందుతుందండీ?" అన్నాడు సత్యానందం.

ఏడీ గారు జాలిగా నవ్వారు. "ఎన్నేళ్ళ సర్వీసయ్యా నీది? పైనుంచి కిందకి ఏదైనా ఎలా పోతుంది? సరైన మార్గం ద్వారా పోతుంది."

అలాగే పోయింది. మూడోసారి ఫోటో రోజున ఏడీ గారు కెమెరా కేసి నవ్వుతూనే చెయ్యి వెనక్కి చాపారు. మేడం అందుకుని ఒక సీనియర్ అసిస్టెంటుకిచ్చింది, ఆయన ఇంకొకాయనకిచ్చాడు, ఆయన గంగరాజుకి, గంగరాజు దేవుళ్ళుకి. తాళంచెవి దేవుళ్ళు చేతిలో పడేసరికి ఫోటో అయిపోయింది. మేడం వెనక్కొచ్చి తాళంచెవి పుచ్చుకుపోయి బీరువాలో పెట్టింది. ఆ నిమిషం పాటు దేవుళ్ళు దాన్ని పిడికిట్లో బిగించి పట్టుకోవడం సత్యానందం కెమెరాలోంచి చూశాడు. అతనికి ఒళ్ళు మండిపోయింది. ఎవరి మీద మండాలో తెలియక తన మీదే మండింది.

అందుకే అతనొక పని చేశాడు. పుస్తకం తొంభైరెండో పేజీలో ఉంది, లెన్సు కన్నం చిన్నది చేస్తే దగ్గరవాళ్ళూ దూరపువాళ్ళూ అందరూ ఒకేలా వస్తారని. చేసి, ఇంకో ఫోటో తీశాడు. అద్భుతం! ఏడీ గారి గళ్ళూ, మేడం కళ్ళజోడూ, గంగరాజు మీసం, చివర దేవుళ్ళు కణత మీది గాటు కూడా స్పష్టంగా వచ్చాయి. పరుగున తీసుకెళ్ళి చూపించాడు.

ఏడీ గారు కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు. "అందరూ సమానంగా కనిపిస్తున్నారేం?"

"అందరూ ఫోకస్‌లో ఉన్నారండి. కాస్త చేత్తో సర్దానండి."

"చేత్తోనా! మంజూరైంది ఆటోఫోకస్ కెమెరా. దాన్ని చేత్తో సర్దడం దుర్వినియోగం కిందకి వస్తుంది, తెలుసా? అదలా ఉంచు. ఏడీకీ అటెండరుకీ ఒకే స్థాయిలో స్పష్టత ఇస్తే రేపు ఈ ఆఫీసు నడుస్తుందా? చెరిపెయ్."

"సార్, ఆ వెనకున్న మనిషికి బండి కావాలండి. వాళ్ళావిడకి..."

"ఏ మనిషి?" అన్నారు ఏడీ గారు.

చెరిపించారు. మూడడుగుల ఫోటోయే ప్రధాన కార్యాలయానికి వెళ్ళింది. నాలుగు వారాలకి జవాబొచ్చింది. "అధికారి మిక్కిలి స్పష్టముగా నున్నారు. అభినందనలు. ఫోటో ఆమోదించడమైనది. ఫోటోయందలి లబ్ధిదారుడే స్వయముగా హాజరైనట్లు పోల్చి నిర్ధారించుకొని బండి అప్పగించవలెను." సత్యానందం ఆనందం పట్టలేక దేవుళ్ళుకి కబురు చేశాడు. వీరవేణికి అప్పటికి ఎనిమిదో నెల దాటింది.

పోల్చే పని సుభాషిణి మేడానిది. ఆవిడ ఒక చేత్తో ఫోటో, ఇంకో చేత్తో భూతద్దం పట్టుకుని దేవుళ్ళు ఎదుట కూర్చుంది. ఫోటోలో పద్నాలుగు అడుగుల గీత దగ్గర ఒక గోధుమరంగు మచ్చ, దాని కింద ఒక తెల్లమచ్చ ఉన్నాయి. ఆవిడ నిజాయితీపరురాలే. మనస్ఫూర్తిగా పోల్చింది.

"ఫోటోలో ఉన్నాయనకి ముక్కు లేదు," అంది చివరికి. "నీకుంది."

"పుట్టినకాణ్ణించీ ఉందండి," అన్నాడు దేవుళ్ళు.

"కళ్ళు కూడా లేవు. నీకు రెండున్నాయి. చంకకర్రలు కూడా కనపడటం లేదు."

"మేడం, అది ఇతనేనండి, నేనే తీశాను!" అన్నాడు సత్యానందం.

"నువ్వు తీశావు, నేనూ ఆ ఫోటోలో ఉన్నాను. అయితే ఏం? నోటిమాట ఫైలులోకి ఎక్కదు కదా సత్యానందం. ఈయన మరీ స్పష్టంగా ఉన్నాడు. రేపు నేను సంతకం పెట్టి ఇరుక్కోనా?"

దేవుళ్ళు నెమ్మదిగా, "నిన్న రాయి మళ్ళీ మా ఆడదే ఎత్తిందండి బాబుగారూ. ఇంట్లో బియ్యం లేవని నాతో చెప్పకుండా ఎత్తేసింది. రెండు వీధులు నడిచి కూలబడిపోయింది. ఆసుపత్రిలో మరేం ఫరవాలేదన్నారు, ఇంకోసారైతే మాత్రం చెప్పలేమన్నారండి" అన్నాడు. చంకకర్రలు సర్దుకుని వెళ్ళిపోయాడు.

ఫైలు ఇలా ముగిసింది. "హాజరైన వ్యక్తి ఫోటోతో సరిపోలనందున అనర్హుడు. అసలు లబ్ధిదారుడు వచ్చువరకు బండిని ఆవరణలోనే భద్రపరచి, ఆరు నెలలకొకమారు బండి ఉన్నట్లు ఏడీ గారితో కూడిన ఫోటో పంపవలెను."

బండి తనే తీసి ఇచ్చేద్దామని సత్యానందానికి ఆ రాత్రి తట్టింది. ఉద్యోగం పోతే ఇద్దరు ఆడపిల్లల చదువులేం కావాలి? ఆ ఆలోచనతో రెండు రోజులు వేగాడు. మూడోరోజు వీరవేణి నెత్తిన రాయే కళ్ళ ముందు కదిలింది. రెండో శనివారం, సెలవు రోజు, పట్టపగలు పదకొండింటికి గంగరాజు ఇంటికెళ్ళి సంగతి చెప్పాడు.

"సార్, ఆళ్ళు నా తువ్వాలు లాక్కున్నారు గానీ గేటు తాళాలు, బీరువా తాళాలు లాక్కోలేదండి," అన్నాడు గంగరాజు చొక్కా తొడుక్కుంటూ.

దేవుళ్ళుని పిలిపించి, టార్పాలిన్ తీసి, బ్యాటరీకి మూడు గంటలు ఛార్జింగు పెట్టారు. చచ్చిందనుకున్నది కొసప్రాణంతో ఉంది, లేచింది. సత్యానందం బీరువాలోంచి తాళంచెవి తెచ్చి దేవుళ్ళు అరచేతిలో పెట్టాడు. మధ్యలో ఎవరూ లేరు. దేవుళ్ళు తాళంచెవి తిప్పి, బండి గేటు దాటించి, వీధి మలుపులో ఒక్కసారి వెనక్కి తిరిగి దణ్ణం పెట్టాడు. బండి ఉన్నచోట ఒక పాత నీళ్ళ డ్రమ్ము, రెండు విరిగిన కుర్చీలు పెట్టి నీలం టార్పాలిన్ కప్పేశారు.

ఆరు నెలలు తిరిగేసరికి బండి ఫోటో పంపాల్సిన గడువొచ్చింది. ఏడీ గారు గళ్ళ చొక్కా తొడుక్కుని మూడడుగుల గీత దగ్గర, బండికి వీపు పెట్టి, నిబంధన ప్రకారం నిలబడ్డారు. పద్నాలుగు అడుగుల అవతల డ్రమ్ము. పిప్! ఏడీ గారు మిక్కిలి స్పష్టంగా వచ్చారు. వెనక నీలం మచ్చ ఒకటి వచ్చింది. పై నుంచి జవాబు పది రోజుల్లో వచ్చింది. "బండి చక్కని స్థితిలో భద్రపరచబడి ఉన్నట్లు గమనించడమైనది. ఈ జిల్లా ఫోకస్ విధానమును మిగతా జిల్లాలు ఆదర్శముగా తీసుకొనవలెను."

ఆ అభినందన అందుకున్న ఉత్సాహంలో ఏడీ గారు సత్యానందాన్ని, కెమెరాని జీపులో ఎక్కించుకుని ఏదో శిబిరానికి బయల్దేరారు. బజారు మధ్యలో లారీ అడ్డం రావడంతో జీపు ఆగింది. దర్జీల వీధి మొగలో, బ్యాటరీ బండి మీద కూర్చుని, సానరాయి తిప్పుతూ దేవుళ్ళు కత్తెర పదును పెడుతున్నాడు. పక్క అరుగు మీద వీరవేణి నెలలపిల్లని ఒళ్ళో వేసుకుని కూర్చుంది. ఏడీ గారు కిటికీలోంచి తల బయటికి పెట్టి, ఆ మనిషిని, ఆ బండిని తేరిపార చూశారు.

"శభాష్! బండి సొంతంగా కొనుక్కున్నావా?"

దేవుళ్ళు ఒకసారి సత్యానందం మొహం చూశాడు. "ఆయ్. ఎవరి దయా లేదండి."

"పేరేంటయ్యా?"

"దేవుళ్ళండి."

సత్యానందం కళ్ళు మూసుకున్నాడు.

"చూశావా సత్యానందం!" అన్నారు ఏడీ గారు తొడ చరుచుకుని. "ఇతనూ దేవుళ్ళే, ఇతనికీ కాళ్ళు లేవు. ఎవర్నీ దేబిరించకుండా తన కష్టంతో కొనుక్కున్నాడు. మనకీ ఉన్నాడొక దేవుళ్ళు, ముక్కూ మొహం లేనివాడు! ప్రభుత్వం బండి పెట్టుకుని కూర్చుంటే వచ్చి పట్టుకుపోవడానిక్కూడా బద్ధకం. తియ్యి, ఇతన్నొక ఫోటో తియ్యి."

సత్యానందం దిగి, మూడడుగుల దూరంలో నిలబడి మీట సగం నొక్కాడు. లెన్సు గుర్రుమని తిరిగి దేవుళ్ళు గళ్ళ లుంగీని పట్టుకుంది. కొంచెం పైకెత్తాడు, మొహాన్ని పట్టుకుంది. ముక్కూ, కళ్ళూ, కణత మీది గాటూ అన్నీ వచ్చాయి.

ఆ ఫోటోని పెద్దది చేయించి, అద్దం బిగించి, ఏడీ గారు తన కుర్చీ ఎదుటి గోడకి తగిలించారు. కింద ఏం రాయాలో కమిటీ రెండుసార్లు కూర్చుని తేల్చింది: "ప్రభుత్వ సహాయము కొరకు ఎదురుచూడని ఆదర్శ పౌరుడు." బండి కోసం వచ్చే కుంటివాళ్ళందరికీ ముందు దాన్ని చూపించి, సిగ్గు తెచ్చుకోమని చెప్పి, ఆ తరవాతే అర్జీ తీసుకుంటున్నారు.